రామప్ప దూరమా, గుట్ట ఎక్కుడా?
కార్తీకంలో కొండదారుల మీద 200 కిలోమీటర్ల బ్రెవేకు (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణానికి) సిద్ధమయ్యే హనుమకొండ సైకిలిస్టు ముందు రెండు సాధనలున్నాయి. తెల్లవారుజామున బయలుదేరి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడికి వెళ్లి రావడం మొదటిది. 130 కిలోమీటర్లకు దగ్గరగా ఉండే ఈ ప్రయాణం, బ్రెవేకు ఉండే 13 గంటల 30 నిమిషాల గడువులో ఎప్పుడు తినాలో, ఎంత తాగాలో ఒంటికి నేర్పుతుంది. ఆ రోజుల్లో రోడ్డు మీద మక్కలు ఆరబోస్తారు కనుక మలుపుల్లో వేగం తగ్గించాలి.

ఊరి దగ్గరి గుట్టదారినే ఒక పూటలో ఎనిమిదిసార్లు ఎక్కడం రెండవది. నేను దీనికే మొగ్గు చూపుతాను. గొలుసు తిరిగే పళ్లచక్రాలకు ముందు 34, వెనుక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. వెనుక 28 పళ్లే ఉంటే అదే ఎక్కుడులో మోకాలు మొరాయిస్తుంది, ఆ తేడా చదును రోడ్డు మీద ఎన్ని గంటలు తొక్కినా తెలియదు.