బ్యాలెట్టు మీద చట్టమా, ఊరి సభలో తీర్మానమా: పౌరుడికి ఏది మేలు?

అమెరికాలో పౌరుడి పాత్ర అధ్యక్షుడికీ, కాంగ్రెసు సభ్యులకూ ఓటు వేయడంతో ముగుస్తుందని చాలామంది అనుకుంటారు. జాతీయ స్థాయిలో చట్టాలపై ప్రజాభిప్రాయ సేకరణకు అక్కడి రాజ్యాంగంలో చోటు లేదు కనుక, ఆ మేరకు అది నిజమే. రాష్ట్రాలకూ ఊళ్లకూ వచ్చేసరికి మాత్రం ప్రజలే నేరుగా నిర్ణయించే పద్ధతులున్నాయి. వాటిలో ముఖ్యమైనవి కాలిఫోర్నియా ప్రొపొజిషన్ (సంతకాలు సేకరించి ప్రజల ఓటుకు పెట్టే ప్రతిపాదన), వెర్మాంట్ రాష్ట్రపు టౌన్ మీటింగ్ (ఊరి ఓటర్లు కూడి నిర్ణయించే సభ).

రాష్ట్ర రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి ముకుతాడు వేయడానికి, గవర్నర్ హైరం జాన్సన్ హయాంలో 1911లో కాలిఫోర్నియా ప్రొపొజిషన్ పద్ధతిని తెచ్చుకుంది. గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతానికి సమానమైన సంతకాలు సేకరిస్తే చట్టాన్నీ, 8 శాతమైతే రాజ్యాంగ సవరణనూ బ్యాలెట్టు మీదికి తేవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. ఓటరు అవుననో కాదనో చెప్పగలడు తప్ప అందులో ఒక్క మాటైనా మార్చలేడు. ఒకసారి నెగ్గిన చట్టాన్ని, దానిలోనే అనుమతి ఉంటే తప్ప, శాసనసభ కూడా మళ్లీ ప్రజల ఓటు లేకుండా సవరించజాలదు. 1978 నాటి ప్రొపొజిషన్ 13 ఆస్తిపన్నును ఆస్తి విలువలో 1 శాతానికి కట్టడి చేసి, ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదంది. ఫలితంగా పక్కపక్కనే ఒకేలా ఉన్న రెండు ఇళ్లలో, ఎప్పుడో కొన్నవారి కంటే నిన్న కొన్నవారు ఎన్నో రెట్లు పన్ను కడుతుంటారు. 1992లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని 8–1తో సమర్థించింది. ఇక 2020లో, తమ డ్రైవర్లను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా పరిగణించే ప్రొపొజిషన్ 22ను గెలిపించుకోవడానికి యాప్ టాక్సీ, డెలివరీ కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. కంపెనీల పెత్తనాన్ని అణచడానికి పుట్టిన ఆయుధం వాటి చేతికే చిక్కిందంటే అతిశయోక్తి కాదు.

వెర్మాంట్‌లో మార్చి మొదటి మంగళవారం టౌన్ మీటింగ్ రోజు. ఎజెండాను కనీసం 30 రోజుల ముందే నోటీసుగా అతికిస్తారు. రోడ్ల పనికి ట్రక్కు కొనాలన్న ప్రతిపాదన వచ్చిందనుకుందాం: ఏ ఓటరైనా లేచి నిలబడి ఆ మొత్తాన్ని తగ్గించాలని సవరణ పెట్టవచ్చు, అధికారులను అక్కడికక్కడే నిలదీయవచ్చు, ఆ తర్వాతే ఓటింగ్ జరుగుతుంది. మన గ్రామసభ గుర్తుకు రావడం సహజమే కానీ, ఇక్కడ ఊరి బడ్జెట్టే ఓటుతో ఖరారవుతుంది. లోపం లేకపోలేదు. పనిదినాన తీరిక దొరకనివారూ, పసిపిల్లల తల్లులూ రాలేరు, హాజరు పలచనవుతోంది. అందుకే కొన్ని ఊళ్లు రోజంతా సాగే బ్యాలెట్టుకు మారాయి. దానివల్ల ఓటు వేసేవారు పెరిగినా, సవరించే హక్కు పోయింది.

నా మటుకు, ఊరి లెక్కలకు సభే మేలు. వచ్చేవారు తక్కువైనా, వచ్చినవారికి ప్రతిపాదనను దిద్దే అవకాశముంది. కోట్ల జనాభా ఉన్న రాష్ట్రంలో సభ సాధ్యం కాదు కనుక ప్రొపొజిషన్ ఉండవచ్చు, అయితే కొత్త చట్టం రాయడానికి కాక, శాసనసభ చేసిన చట్టాన్ని నిలిపివేయడానికి వాడినప్పుడే దానికి ఎక్కువ సార్థకత. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారికి టౌన్ మీటింగ్ లేకపోయినా, సిటీ కౌన్సిల్ సమావేశం ఉంది: 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం అది బహిరంగంగా జరగాలి, ప్రజలకు మాట్లాడే సమయం ఇవ్వాలి, అందుకు పౌరసత్వం కూడా అక్కర్లేదు.