టెక్సస్ ఎండలో సూపర్‌ఛార్జర్: మస్టాంగ్ జీటీ మీద కొన్నేళ్లు వాడాక

ఇంజిన్‌లోకి గాలిని నొక్కి ఎక్కించి బలం పెంచే పరికరాలు రెండు: ఇంజిన్ బెల్ట్‌తో తిరిగే సూపర్‌ఛార్జర్, ఎగ్జాస్ట్ పొగతో తిరిగే టర్బో. మజిల్ కారుకు (పెద్ద ఇంజిన్ ఉన్న అమెరికన్ వేగపు కారు) వీటిలో ఏది అని తేల్చుకునేటప్పుడు అందరూ గరిష్ఠ హార్స్‌పవర్ చూస్తారు. చూడాల్సింది 2,000 ఆర్పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, ఏం జరుగుతుందన్నది. నాది 2017 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, మాన్యువల్ గేర్లు. ఇంజిన్ లోపలి భాగాలన్నీ కంపెనీవే, పైన రోటర్ల రకం సూపర్‌ఛార్జర్, 8 పీఎస్ఐ బూస్ట్ (గాలికి అదనంగా ఎక్కే ఒత్తిడి). డాలస్ చుట్టుపక్కల రోజువారీ వాడకం. మూడో గేర్లో నెమ్మదిగా పోతూ తొక్కితే బూస్ట్ అక్కడే ఉంటుంది. కాలు ఎంత నొక్కితే అంత బలం, నొక్కిన క్షణానే. పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌కి ఇంతకంటే బాగా నప్పే జోడీ లేదని నా గట్టి నమ్మకం.

సతాయించింది సూపర్‌ఛార్జర్ కాదు, దాని ఇంటర్‌కూలర్‌లో (నొక్కిన గాలిని చల్లార్చే భాగం) నీళ్లు తిప్పే చిన్న ఎలక్ట్రిక్ పంపు. ఆ పంపు చెడితే కనిపించే లక్షణాలు తికమక పెట్టేలా ఉంటాయి. మొదటిసారి గట్టిగా తొక్కితే కారు ఎప్పట్లాగే దూకుతుంది. రెండోసారి మందగిస్తుంది. మూడోసారికి సూపర్‌ఛార్జర్ ఉందా అనిపిస్తుంది. బూస్ట్ గేజ్ మాత్రం 8 చూపిస్తూనే ఉంటుంది, చెక్ ఇంజిన్ లైటు వెలగదు. ఇక్కడే చాలామంది బెల్ట్ జారుతోందనో, ఫ్యూయల్ పంపు చాలడం లేదనో అనుకుని డబ్బు తగలేస్తారు. బెల్ట్ జారితే ఆర్పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ పడిపోవాలి, పుల్లీల చుట్టూ నల్లటి పొడి కనిపించాలి. ఆ రెండూ లేకపోతే గాలి వేడి చూడండి.

బయట 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న రోజు, 8 పీఎస్ఐకి నొక్కిన గాలి రోటర్లు దాటేసరికి 200 డిగ్రీలు మించుతుంది. దాన్ని చల్లార్చేది కింద ఉన్న ఇంటర్‌కూలర్ ఒక్కటే. నీళ్లు ఆగితే ఆ వేడంతా సిలిండర్లలోకే పోతుంది. నాక్ రాకుండా (సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి అంటుకోకుండా) కారు కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించేస్తుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. అందుకే బూస్ట్ ఉన్నా బలం ఉండదు. ఓబీడీ రీడర్‌లో (కారు కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి ఉష్ణోగ్రత చూస్తే విషయం తెలిసిపోతుంది. హైవే మీద నిదానంగా పోతున్నప్పుడు నా కారులో అది బయటి వేడికంటే 20, 25 డిగ్రీలే ఎక్కువ ఉండేది. పంపు మొరాయించాక 160 దాటింది.

పంపు తిరుగుతోందో లేదో చూడటానికి ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఇంటర్‌కూలర్ ట్యాంకు మూత తీసి ఇగ్నిషన్ ఆన్ చేయండి. లోపల నీళ్లు కదలాలి. కదలకపోతే కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. అయితే వైరు ఊడదీసి కొలిస్తే 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది, పంపుకు తగిలించి ఉన్నప్పుడే కొలవాలి. నా కారులో అలా కొలిస్తే వోల్టేజీ సగానికి పైగా పడిపోయింది. ముందు బంపర్ వెనక, బాగా కిందకి బిగించిన కనెక్టర్‌లోకి వాన నీళ్లు చిమ్మి పిన్ను పచ్చగా తుప్పు పట్టింది. చాలినంత వోల్టేజీ అందక చివరికి పంపే పోయింది.

కొత్త పంపుతో పాటు కొత్త కనెక్టర్ వేయించాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే పెట్టి నేరుగా మందపాటి వైరు లాగించాను. పాత వైరు ఇప్పుడు రిలేను ఆన్ చేయడానికే. కనెక్టర్ ట్యాంకు ఎత్తుకు జరిగింది. అసలు కష్టం ఆ తర్వాత నీళ్లు నింపడంలో ఉంది. ఈ రకంలో ఇంటర్‌కూలర్ ఇంజిన్ పైనే ఉంటుంది కాబట్టి, గాలి అక్కడే చిక్కుకుని కొత్త పంపు కూడా చెడిందేమో అనిపిస్తుంది. ముందు చక్రాలు ర్యాంపుల మీదికి ఎక్కించి, వ్యాక్యూమ్ పంపుతో గాలి లాగేసి నింపితేనే సరిగ్గా కుదురుతుంది. మంచు పెద్దగా పడని చోట కూలెంట్ పాళ్లు తగ్గించి డిస్టిల్డ్ వాటర్ పెంచితే వేడి ఇంకా బాగా లాగుతుంది. అలాగని ఉత్త నీళ్లు పోయకండి, డాలస్‌లోనూ గడ్డకట్టే రాత్రులుంటాయి.

సూపర్‌ఛార్జర్ కిట్ ధరలో కనిపించని ఖర్చు మరొకటి ఉంది. కొయోటీ అని పిలిచే ఈ ఫోర్డ్ ఇంజిన్ల ఆయిల్ పంపు గేర్లు లోహపు పొడిని అచ్చులో నొక్కి చేసినవి. బూస్ట్ పెట్టి రెవ్ లిమిటర్ (ఇంజిన్ ఆర్పీఎం గరిష్ఠ హద్దు) దాకా తొక్కితే అవి పగిలిన సందర్భాలున్నాయి. ఉక్కు గేర్లు వేయాలంటే టైమింగ్ కవర్ విప్పాలి, కూలీ బాగా అవుతుంది. కిట్ బిగించేటప్పుడే ఆ పని కానివ్వండి.

కాలు పెట్టగానే బలం అన్నాను కదా, అది ఆగస్టు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక అంతగా ఉండదు. పంపు బాగున్నా సరే, వేడి ఇంజిన్ మీద కూర్చున్న రోటర్లు, ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కుతాయి. కదిలాక కొన్ని నిమిషాలు పడుతుంది. టర్బోలకు గాలితో చల్లారే ఇంటర్‌కూలర్ ముందు బంపర్ దగ్గర పెడితే ఈ బాధ తక్కువ. బూస్ట్‌ను గేరును బట్టి తగ్గించి పెంచుకోవచ్చు కూడా. నా దాంట్లో బూస్ట్‌ను పుల్లీయే నిర్ణయిస్తుంది, కాబట్టి మొదటి రెండు గేర్లలో వెనక టైర్లు నిలవవు. బెల్ట్ తిప్పడానికి పోయే బలమూ తక్కువేం కాదు. 707 హార్స్‌పవర్ డాడ్జ్ హెల్‌క్యాట్‌లో సూపర్‌ఛార్జర్ తిరగడానికే దాదాపు 80 హార్స్‌పవర్ ఖర్చవుతుందంటారు.

అయినా మాన్యువల్ గేరు, ఊళ్లో తిరుగుడు, 93 ఆక్టేన్ పెట్రోలు (ఆక్టేన్ ఎక్కువైతే నాక్‌ను బాగా తట్టుకుంటుంది) దొరికే టెక్సస్ కాబట్టి నేను మళ్లీ సూపర్‌ఛార్జరే తీసుకుంటాను. టర్బోలకు ఎగ్జాస్ట్ మానిఫోల్డులు మార్చడం, ఆయిల్ తిరిగి వచ్చే పైపు వాలు కుదర్చడం, పక్కనున్న వైర్లను వేడి నుంచి కాపాడటం నాకు భారం. ఆటోమేటిక్ గేరుతో డ్రాగ్ స్ట్రిప్‌కు వెళ్లేవాళ్లయితే టర్బో వైపే మొగ్గండి. కాలిఫోర్నియాలో ఉంటే మాత్రం ఏది తీసుకున్నా ముందు కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి నంబరు ఉన్న కిట్టేనా అని చూడండి, లేకపోతే స్మాగ్ చెక్ (కారు పొగ పరీక్ష) దగ్గర ఆగిపోతారు. అక్కడ బంకుల్లో మామూలుగా దొరికే ప్రీమియం 91 ఆక్టేనే కాబట్టి ట్యూన్ (కారు కంప్యూటర్ సెట్టింగులు) కూడా దానికి తగ్గట్టే అడగాలి.