రెండు వారాల బ్యాటరీ వారంలో ఎందుకు అయిపోతుంది: జీపీఎస్ వాచీ నాలుగేళ్లు వాడాక

పరుగు కోసం కొన్న జీపీఎస్ వాచీ నా చేతికి ఎక్కి నాలుగేళ్లు దాటింది. స్నానానికీ ఛార్జింగ్‌కీ తప్ప తీయను. పెట్టె మీద రెండు వారాల బ్యాటరీ అని ఉంది. కొత్తలోనే నాకు వచ్చింది వారం, మహా అయితే ఎనిమిది రోజులు. ఇప్పుడు ఆరు కూడా కష్టం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయేది కాస్త అటూ ఇటూగా అన్ని కంపెనీల వాచీలకీ వర్తిస్తుంది.

పెట్టె మీద అంకె అబద్ధం కాదు. అది పరుగెత్తని మనిషి లెక్క. వాచీ టైమ్ చూపిస్తూ, అడుగులు లెక్కపెడుతూ, గుండె వేగం కొలుస్తూ, ఫోన్ మెసేజ్‌లు అందుకుంటూ ఉంటే వచ్చే రోజులవి. జీపీఎస్‌కి వేరే అంకె ఉంటుంది, అది గంటల్లో ఉంటుంది. రెండూ కలిపి చూస్తేనే మనకు నిజంగా వచ్చే రోజులు తేలతాయి.

ఉదాహరణకు గార్మిన్ 2022లో తెచ్చిన ఫోర్‌రన్నర్ 255 తీసుకోండి. మామూలు వాడకంలో 14 రోజులు, జీపీఎస్ ఒక్కటే వాడితే 30 గంటలు, జీపీఎస్‌తో పాటు ఇతర దేశాల ఉపగ్రహ వ్యవస్థలనూ డ్యూయల్ బ్యాండ్‌లో, అంటే ఒకేసారి రెండు ఫ్రీక్వెన్సీల్లో వాడితే 16 గంటలు అని కంపెనీ ప్రకటించింది. దీన్ని శాతాల్లోకి మారిస్తే, ఊరికే చేతికి ఉన్న రోజుకు 7 శాతం. జీపీఎస్ గంటకు 3 శాతం పైన. రోజూ గంట పరుగెత్తేవాళ్లకి రోజుకు 10 శాతం, అంటే పది రోజులు. అదే గంట డ్యూయల్ బ్యాండ్‌లో అయితే 6 శాతం దాటుతుంది. మొత్తం 13 చొప్పున ఏడు రోజుల పైచిలుకు వస్తుంది. ఇంకా పాటలు పెట్టలేదు, మ్యాప్ తెరవలేదు, తెర వెలుతురు పెంచలేదు.

అందుకే ఏ వాచీ గురించి ఎవరు అడిగినా నేను రెండే అడుగుతాను. ఊరికే ఉంటే రోజుకు ఎంత దిగుతోంది, పరుగులో గంటకు ఎంత దిగుతోంది. కొన్న మొదటి వారంలోనే ఈ రెండూ రాసి పెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడైనా బ్యాటరీ త్వరగా అయిపోతుంటే ఏ వైపు తేడా వచ్చిందో వెంటనే దొరుకుతుంది.

నా వాచీలో తేడా ఎక్కువసార్లు 'ఊరికే' వైపే వచ్చింది. జీపీఎస్‌ని తిట్టుకుంటాం గానీ, అది రోజుకు గంట పనిచేస్తుంది. మిగతా 23 గంటలు ఏం జరుగుతోందో చూడం. అప్పుడు బ్యాటరీ తినేవాటిలో మొదటిది రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ కొలిచే సెట్టింగ్. గుండె వేగానికి ఆకుపచ్చ లైటు చాలు. ఆక్సిజన్‌కి ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగాలి. అది ఆపాక నా వాచీ రాత్రి తినేది దాదాపు సగానికి పడిపోయింది. ఎత్తైన కొండల మీదకు వెళ్లేవాళ్లకి ఆ కొలత పనికొస్తుందేమో. నేను పొద్దున లేచి దాన్ని చూసి చేసిందంటూ ఏమీ లేదు.

రెండోది వాచ్ ఫేస్, అంటే టైమ్ చూపించే తెర డిజైన్. బయటివాళ్లు తయారుచేసిన ఫేస్‌లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. సెకన్ల ముల్లు తిరుగుతుంటుంది, వాతావరణం మారుతుంటుంది. తెర మీద ప్రతి కదలికకూ ప్రాసెసర్ లేవాలి. ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక రోజుకు రెట్టింపు దిగడం మొదలైంది. సర్వీసు వాళ్లకి రాస్తే ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. ఏది అడిగినా వాళ్ల దగ్గర ఆ ఒక్క మందే ఉంటుంది. నేను ముందు వాచ్ ఫేస్ తీసేసి కంపెనీది పెట్టాను, ఆఫ్ చేసి ఆన్ చేశాను. మర్నాటికి పాత లెక్కకు వచ్చింది. రీసెట్ అవసరం పడలేదు.

మెసేజ్‌ల సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. వచ్చిన ప్రతిసారీ వాచీ వణుకుతుంది, తెర వెలుగుతుంది. కాల్స్ మాత్రం ఉంచుకుని, గ్రూపు మెసేజ్‌లు ఆపేస్తే బ్యాటరీతో పాటు బుర్రకీ విశ్రాంతి.

ఇక జీపీఎస్. వాచీ ఉపగ్రహాలకు ఏమీ పంపదు, వింటుంది అంతే. కానీ దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సిగ్నల్ చేరేసరికి చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని రొదలోంచి ఏరి, లెక్కకట్టే పని చిప్ ఆపకుండా చేయాలి. ఒక జీపీఎస్ ఉపగ్రహం తాను ఎక్కడుందో చెప్పే సమాచారం 30 సెకన్లకు ఒకసారి మళ్లీ మొదలవుతుంది. వాచీ దాన్ని ఆకాశం నుంచే తెచ్చుకోవాలంటే ఆలస్యం తప్పదు. ఫోన్‌తో సింక్ అయి ఉంటే రాబోయే రోజుల ఉపగ్రహాల స్థానాలు ముందే వాచీలోకి వచ్చి ఉంటాయి, కొన్ని సెకన్లలోనే లాక్ దొరుకుతుంది, అంటే వాచీ తానెక్కడుందో పట్టేస్తుంది. పరుగుకు ముందు రోజు సింక్ చేయమనేది ఇందుకే. ఇంట్లో కూర్చుని షూ లేసులు కట్టుకుంటూ పరుగు మోడ్ నొక్కితే, సిగ్నల్ దొరకని చోట వాచీ వెతుకుతూనే ఉంటుంది. బయటికి వచ్చాకే నొక్కండి.

డ్యూయల్ బ్యాండ్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఇందులో వాచీ ఎల్1తో పాటు ఎల్5 ఫ్రీక్వెన్సీని కూడా వింటుంది, అంటే 1575.42 మెగాహెర్ట్జ్‌కి 1176.45 తోడవుతుంది. ఎత్తైన భవనాల గోడలకు తగిలి వచ్చే సిగ్నళ్లను అసలువాటి నుంచి విడదీయడం దీనితో తేలిక. అక్కడ తేడా నిజంగానే కనిపిస్తుంది. పైన ఆకాశం తెరుచుకుని ఉన్న దారిలో మాత్రం రెండు మోడ్‌లలో పరుగెత్తి, వాచీ మ్యాప్ మీద గీసిన దారి గీతలు పోల్చి చూశాను. దూరంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, బ్యాటరీలో ఉంది. అవసరాన్ని బట్టి దానంతట అదే మారే ఆటో మోడ్ మీ వాచీలో ఉంటే అది పెట్టి మర్చిపోండి. లేకపోతే మామూలు రోజుల్లో జీపీఎస్ ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. ప్రతి సెకనూ కాకుండా మార్పు వచ్చినప్పుడే పాయింట్లు రాసుకునే 'స్మార్ట్ రికార్డింగ్' పెడితే బ్యాటరీ మిగులుతుందని చాలామంది అనుకుంటారు. అది ఫైలు సైజును తగ్గిస్తుంది, జీపీఎస్ చిప్ మాత్రం అలాగే నడుస్తూ ఉంటుంది. చిప్‌ని మధ్యమధ్యలో నిజంగా ఆపేసే మోడ్‌లు వేరే ఉన్నాయి. వాటితో గంటలు బాగా పెరుగుతాయి, కానీ మలుపులు కత్తిరించుకుపోయి దూరం తప్పొస్తుంది. రోజుల తరబడి నడిచే ట్రెక్కింగ్‌కి సరే. పేస్ (కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో) చూసుకుంటూ పరుగెత్తేవాళ్లకి పనికిరాదు.

వాచీలోంచే బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌కి పాటలు పంపడం అన్నిటికంటే ఖరీదైన అలవాటు. నా వాచీలో గంటకు 15 శాతం దాకా పోతుంది.

నాలుగేళ్ల తర్వాత నాకు బాగా అర్థమైనది బ్యాటరీ ముసలితనం గురించి. ఎన్ని రోజులు వస్తుందన్నది సౌకర్యం విషయమనే అందరం అనుకుంటాం. కానీ వాచీ ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పేది కూడా అదే. లిథియం అయాన్ బ్యాటరీ పూర్తి ఛార్జింగ్‌ల లెక్కన అరుగుతుంది. వారానికి ఒకసారి నింపే వాచీకి ఏడాదికి 50 పైచిలుకు. రోజూ నింపాల్సిన వాచీకి 365. ఆపిల్ తన వాచీల బ్యాటరీ 1,000 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత కూడా 80 శాతం వరకు నిలుపుకునేలా తయారైందని చెబుతుంది. మంచి అంకే. అయినా రోజుకు ఒకటి చొప్పున మూడేళ్లు తిరక్కుండానే ఆ వెయ్యి అయిపోతాయి. పైగా రోజంతా అంతంతమాత్రంగా సరిపోయే బ్యాటరీలో 20 శాతం పోతే సాయంత్రానికే ఖాళీ. రెండు వారాల దాంట్లో 20 శాతం పోయినా మనకు పెద్దగా తెలియదు.

వయసు మీద పడిన బ్యాటరీ ఇంకో పని చేస్తుంది. శాతం చూపించే అంకె కొలత కాదు, అంచనా. నా వాచీ 100 నుంచి 30 దాకా బుద్ధిగా దిగుతుంది, అక్కడి నుంచి జారిపోతుంది. ఈ మధ్య ఒక లాంగ్ రన్‌లో 12 శాతం చూపిస్తూనే ఆగిపోయింది. చలిలో ఇది ఇంకా ఎక్కువ. లోపలి నిరోధం పెరిగి వోల్టేజ్ పడిపోతుంది, వెచ్చబడితే కొంత తిరిగొస్తుంది. వేడి అలా కాదు, అది చేసిన నష్టం తిరిగి రాదు. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డ్ మీద వాచీ వదిలేయకండి.

ఛార్జింగ్‌కి నేను రాత్రిని వాడను, నిద్ర లెక్క పోతుంది. స్నానం చేసి తయారయ్యేలోపు వారానికి మూడు నాలుగు సార్లు కాసేపు పెడితే సరిపోతుంది. 100 కోసం పట్టుబట్టక్కర్లేదు. సున్నా దాకా దించడం, ఎప్పుడూ నిండుగా ఉంచడం రెండూ బ్యాటరీకి మంచివి కావు. చెమట ఆరకుండా కేబుల్ పెడితే పిన్నులు నల్లబడి తుప్పు పడతాయి. మంచినీళ్లతో కడిగి, తుడిచి పెట్టండి.

సోలార్ మోడళ్ల గురించి అడుగుతుంటారు. గార్మిన్ సోలార్ వాచీల రోజుల లెక్క కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: రోజుకు 3 గంటలు, 50,000 లక్స్ (వెలుతురు కొలత) వెలుతురులో. గదిలో లైట్ల కింద వెలుతురు కొన్ని వందల లక్స్ మాత్రమే. రోజంతా బయట తిరిగే పని ఉన్నవాళ్లకి అది లాభమే. పొద్దున గంట పరుగెత్తి లోపల కూర్చునేవాళ్లకి అదనపు ఖర్చు.

నా తర్వాతి వాచీకి తెర ఏది అన్నదే పెద్ద ప్రశ్న. ఫోన్లలోలా తనంతట తానే వెలిగే అమోలెడ్ తెర అందంగా ఉంటుంది, కాదనను. 2023లో వచ్చిన ఫోర్‌రన్నర్ 265 అమోలెడ్‌కి మారింది. రోజుల లెక్క 14 నుంచి 13కే తగ్గింది గానీ జీపీఎస్ గంటలు 30 నుంచి 20కి పడ్డాయి. ఆ 13 రోజులు కూడా మణికట్టు తిప్పినప్పుడే తెర వెలిగితే వచ్చేవి, ఎప్పుడూ వెలుగుతూ ఉండాలంటే సగం కూడా మిగలవు. బయటి వెలుతురుతోనే కనిపించే మిప్ తెర గదిలో వెలవెలబోతుంది, ఎండలో మాత్రం అద్భుతం. నేను పరుగెత్తేది ఎండలో కాబట్టి మళ్లీ మిప్ వైపే మొగ్గు. అలాంటి మోడళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి, అదొక్కటే టెన్షన్.