గోడ మొగం కొలిచే నీడపలక: పలక మంచిదే, కరపత్రమే కాదు

నిలువు గోడ మీద నీడగడియారం గీయాలంటే, ఆ గోడ నిజ దక్షిణం నుంచి ఎన్ని డిగ్రీలు తూర్పుకో పడమరకో తిరిగి ఉందో ముందుగా తేలాలి. ఈ కొలత కోసమే తయారైన చెక్కపలకను వాడి చూశాక, పలక మేలైనదే గాని దానితో పాటు వచ్చినవేవీ దాని స్థాయిలో లేవనిపించింది.

పలక తిన్నని అంచును గోడకు ఆనించి, రసమట్టం చూసి సమంగా నిలిపితే, బయటి అంచున వేలాడే తూకం గుండు దారం నీడ గోడ వైపు సాగి డిగ్రీల చాపాన్ని దాటుతుంది. సున్నా గీత గోడకు లంబంగా ఉంటుంది కనుక, నీడ ఆ గీతతో చేసే కోణాన్ని, అది ఏ పక్కన ఉందో చూసి, ఆ క్షణపు సూర్య దిగంశకు (నిజ ఉత్తరం నుంచి సూర్యుడున్న దిక్కు వరకు క్షితిజం వెంట కొలిచే కోణానికి) కలిపితే లేదా తీసివేస్తే గోడ మొగం తెలుస్తుంది. చాపం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు కావడంతో డిగ్రీల మధ్య 5 మిల్లీమీటర్లకు పైగా ఎడం దొరుకుతుంది. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పున ఉండడం వల్ల అంత దూరంలో నీడ సుమారు 3 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది, అయినా ఆ మసక నడిమిని పట్టుకుంటే పావు డిగ్రీ వరకు చదవవచ్చు. గాలికి దారం ఊగుతుంటే గుండును నీళ్ల డబ్బాలో ముంచితే సరి.

పలకతో వచ్చిన కరపత్రం మాత్రం మిట్టమధ్యాహ్నం కొలవమంటుంది. సూర్యుడు నడినెత్తికి 3 డిగ్రీల దూరంలో దాటే రోజున దిగంశ నిమిషానికి 4 డిగ్రీలకు పైగా మారుతుంది. గడియారం కాస్త అటూఇటూ అయితే కొలతంతా వృథా. ఎండ గోడ మీదే ఉండి, పొద్దు కిందికి దిగిన వేళ ఎంచుకోవడం క్షేమం. ఇక పలకకు బిగించిన దిక్సూచి అలంకారం కిందే లెక్క. అయస్కాంత ఉత్తరం నిజ ఉత్తరం కాదన్నది అలా ఉంచినా, గోడలోని ఇనుప చువ్వలే ముల్లును పక్కకు లాగుతాయి.

అసలు లోపం అంచు పొడవులో ఉంది. అది 40 సెంటీమీటర్లే కావడంతో, ఒక చివర గచ్చు 3 మిల్లీమీటర్లు ఉబ్బి ఉన్నా 0.4 డిగ్రీకి పైగా తేడా వస్తుంది. గోడకూ పలకకూ నడుమ పొడవైన తిన్నని చెక్కపట్టీ ఉంచి, వేర్వేరు వేళల్లో చదివిన కోణాల నుంచి విడివిడిగా తేల్చిన గోడ మొగాలకు సగటు కట్టేవారికి ఈ పలక నిస్సందేహంగా కొనదగినదే.