మనుషుల్ని చూడటానికి ఇరానీ హోటలా, కాఫీ షాపా?

హైదరాబాద్‌లో ఓ గంట ఊరికే కూర్చుని నలుగురిని గమనించాలనుంటే, నా ఓటు ముందే చెప్పేస్తా: ఇరానీ హోటల్. కానీ ప్రతిసారీ కాదు.

ఖర్చు: ఇరానీలో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు 50 లోపే. మాల్‌లోని కాఫీ షాపులో ఒక్క కాపుచినోకే 200 దాటొచ్చు.

దగ్గరితనం: ఇరానీలో ఖాళీ కుర్చీ ఉంటే ఎవరైనా మీ ఎదుట కూర్చుంటారు. మొన్న నా టేబుల్‌కే ఇద్దరు పెద్దాయనలు వచ్చారు. వన్ బై టూ చెప్పారు. ఒకాయన సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, కొడుకు ఫోన్ చెయ్యట్లేదని మొదలెట్టాడు. రెండో ఆయన ఏమీ అనలేదు, బిస్కెట్ విరిచి సగం ఆయన వైపు జరిపాడు. బిల్లు దగ్గర మాత్రం ‘నేనిస్తా’ అంటూ ఇద్దరికీ పెద్ద గొడవ! కాఫీ షాపులో ఎవరి టేబుల్ వాళ్లది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అయినా పెళ్లిచూపులు, ఉద్యోగం ఇంటర్వ్యూలు అక్కడే కనిపిస్తాయి.

ఇబ్బంది: ఇరానీలో రద్దీ వేళ చాయ్ అయిపోయాక కూర్చుంటే వెయిటర్ చూపు మారుతుంది. చార్మినార్ దగ్గర నిమ్రాలో అయితే చాలామంది నిలబడే తాగేస్తారు. కాఫీ షాపులో రెండు గంటలున్నా ఎవరూ అడగరు.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు, నోట్సు రాసుకునేవాళ్లకు కాఫీ షాపే హాయి. మాటలు చెవినపడాలంటే ఇరానీకి, అదీ ఉదయం ఏడింటికి వెళ్లండి.