మూడు డబ్బాల బామ్ తర్వాత: రాత్రిపూట మేకప్ తీయడం మీద నా రివ్యూ

వారానికి ఆరు రోజులు నా ముఖం మీద మేకప్ ఉంటుంది. టీవీలో వార్తలు చదవడం నా ఉద్యోగం. స్టూడియో లైట్ల కింద పల్చటి పొర ఆగదు కాబట్టి కన్సీలర్, ఫౌండేషన్, పౌడర్, వాటి పైన సెట్టింగ్ స్ప్రే, కళ్ళకి వాటర్‌ప్రూఫ్ మస్కారా అన్నీ పడతాయి. వేయడానికి ఒక మనిషి ఉన్నారు. తీసుకోవాల్సింది మాత్రం నేనే. ఆఖరి బులెటిన్ చదివి ఇంటికి చేరేసరికి పదకొండు దాటుతుంది. ఈ ఏడేళ్ళలో వైప్స్, మైసెల్లార్ వాటర్, కొబ్బరి నూనె, ఇప్పుడు మేకప్‌ని కరిగించి తీసే మైనంలాంటి క్లెన్సింగ్ బామ్, ఒక్కోటీ నెలల తరబడి వాడాను. బామ్ మూడో డబ్బా అడుగు కనిపిస్తోంది కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాయగలను.

మొదటి మూడేళ్ళూ వైప్సే. కారు ఎక్కగానే ప్యాకెట్ తీసి, ఇల్లు చేరేలోపు ముఖం తుడిచేసుకుని, అలాగే పడుకునేదాన్ని. వైప్ మీద అంత రంగు కనిపిస్తుంటే అంతా వచ్చేసిందనే అనుకుంటాం. కొన్నాళ్ళకి పై రెప్పలు ఎర్రబడడం, దురద, తర్వాత సన్నగా పొట్టు లేవడం మొదలైంది. మస్కారా పడలేదనుకుని మూడు రకాలు మార్చాను. చివరికి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ మస్కారా సంగతి అడగనే లేదు, "ముఖం దేనితో తుడుస్తారు?" అని అడిగారు. ప్యాకెట్ తెప్పించి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివారు. వీపు మీద ప్యాచ్‌లు అంటించి, రెండు రోజులకి తీసి చూసి, ఇంకో రెండు రోజులకి మళ్ళీ చూశారు. మిథైల్ఐసోథయాజొలినోన్ అనే ప్రిజర్వేటివ్ నాకు పడదని తేలింది. తడిగా ఉండే సరుకు పాడవకుండా కలిపేదది. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013కి 'అలర్జెన్ ఆఫ్ ది ఇయర్' అని ప్రకటించింది దీన్నే. కడగకుండా చర్మం మీద వదిలేసే కాస్మెటిక్స్‌లో దీన్ని కలపకూడదని యూరప్‌లో 2017 నుంచి నిషేధం కూడా ఉంది. అన్ని వైప్స్‌లోనూ ఇది ఉండదు, చాలామంది తయారీదారులు మానేశారు. కానీ వైప్ వాడినవాళ్ళు చాలామంది తర్వాత ముఖం కడుక్కోరు, నేనూ కడుక్కోలేదు. అందులో ఏమున్నా తెల్లార్లూ రెప్పల మీదే ఉంటుంది. దానికి తోడు రుద్దుడు. ఒంట్లో అన్నిటికంటే పల్చటి చర్మం కనురెప్పది, దాన్ని రోజూ గరుకు గుడ్డతో లాగుతున్నానన్న సంగతే నాకు తట్టలేదు.

ఇప్పుడు ఒక ప్యాకెట్ ప్రయాణాల బ్యాగులో ఉంటుంది. నీళ్ళు దొరకని రాత్రికి అది దేవుడే. కానీ మర్నాడు నీళ్ళు కనపడగానే ముఖం కడుగుతాను.

తర్వాత మైసెల్లార్ వాటర్. చూడ్డానికి మంచినీళ్ళలా ఉంటుంది. ఒక కొస నీటిని, ఇంకో కొస జిడ్డుని పట్టుకునే అణువులు ఇందులో గుంపులు కట్టి చిన్న చిన్న బంతుల్లా తిరుగుతుంటాయి, ముఖం మీది జిడ్డునీ రంగునీ ఆ బంతులు లోపలికి లాక్కుంటాయి. ఇది మంచి సరుకు, గట్టిగా చెబుతాను. సన్‌స్క్రీన్, కాస్త పౌడర్, లిప్‌స్టిక్‌తో రోజు గడిచిపోయేవాళ్ళకి ఇది చాలు. నాకు చాల్లేదు. స్టూడియో మేకప్‌కి ఆరేడు కాటన్ ప్యాడ్‌లు పట్టేవి. ఆఖరి ప్యాడ్ తెల్లగా వచ్చేసరికి బుగ్గలు ఎర్రగా అయ్యేవి, అంటే మళ్ళీ రుద్దుడే. ఇంకో మాట. సీసా మీద 'కడగక్కర్లేదు' అని ఉంటుంది, నేను దానితో ఏకీభవించను. జిడ్డుని పట్టుకునే ఆ అణువులు కూడా ఒక రకం సబ్బు జాతివే. వాటిని ముఖం మీద ఆరనిస్తే నాలాంటి సున్నితమైన చర్మం చుర్రుమంటుంది. కడిగిన రాత్రీ, కడగని రాత్రీ పోల్చి చూసుకున్నాను. కడగని మర్నాడు ముక్కు పక్కన చర్మం బిగుసుకుని ఉండేది.

కొబ్బరి నూనె గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నా. మేకప్ తీయడంలో దానికి వంక పెట్టలేం, వాటర్‌ప్రూఫ్ మస్కారా కూడా కరిగిపోతుంది. ఇబ్బంది తర్వాత వస్తుంది. నీళ్ళు పోస్తే అది పోదు, ముఖం మీదే జారుతుంది. మూడో వారానికి నా నుదుటి మీద, గడ్డం మీద సన్నటి పొక్కులు లేచాయి. పడేవాళ్ళకి పడుతుంది, మొటిమల చర్మం ఉన్నవాళ్ళు మాత్రం దూరంగా ఉంటే మంచిది.

బామ్ మాట చెప్పింది మా మేకప్ ఆవిడ. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి. నా రెప్పలు చూసి, "రుద్దకమ్మా, కరగనివ్వు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా పద్ధతంతా మారింది.

డబ్బాలో అది మైనంలా గట్టిగా ఉంటుంది. నేను వాడేది వాసన లేని రకం. చిన్న చెంచాతో ఉసిరికాయ గింజంత గీరి తీసి అరచేతుల మధ్య పెట్టుకుంటే పది సెకన్లలో కరిగి నూనె అవుతుంది. చేతులూ ముఖమూ రెండూ పొడిగా ఉండాలి. తడి తగిలిందా, కరిగించే పని మొదలవకముందే అయిపోతుంది. మొదట బుగ్గల మీద, తర్వాత నుదురు, ముక్కు పక్కలు, గడ్డం. వేళ్ళ బరువు తప్ప ఇంకేమీ మోపను. అర నిమిషం దాకా ఏమీ జరిగినట్టు ఉండదు. ఆ తర్వాత వేళ్ళ కింద ఒక మార్పు తెలుస్తుంది. అప్పటిదాకా కాస్త పట్టి పట్టి కదిలిన వేళ్ళు ఒక్కసారిగా నున్నగా జారడం మొదలుపెడతాయి. ఫౌండేషన్ చర్మాన్ని వదిలిందని దానికి గుర్తు. గంటల తరబడి చెదరకుండా ఉండే మేకప్‌లో ఉండేవి సిలికోన్లు, మైనాలు, నూనెలే. నీళ్ళకి లొంగనివి నూనెకి లొంగుతాయి.

అప్పుడు వేళ్ళు తడి చేసుకుని మళ్ళీ ముఖం మీద తిప్పుతాను. గోధుమ రంగు నూనె కళ్ళ ముందే తెల్లటి నీళ్ళగా మారిపోతుంది. కొబ్బరి నూనెకీ బామ్‌కీ తేడా ఇక్కడే ఉంది. నూనెనీ నీటినీ కలిపే పదార్థం, ఎమల్సిఫయర్, బామ్‌లో ముందే ఉంటుంది. అందుకే గోరువెచ్చని నీళ్ళు పోస్తే మేకప్‌తో పాటు తానూ కొట్టుకుపోతుంది. నూనె, మైనం కలిపి ముఖానికి వాడడం కొత్త సంగతేమీ కాదు. కోల్డ్ క్రీమ్‌ని మొదట తయారుచేసింది రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ అని చెబుతారు. ఆ పాత క్రీమ్‌ని గుడ్డతో తుడిచి తీయాల్సి వచ్చేది, ఇది నీళ్ళతో పోతుంది. నాలాంటి రెప్పలున్న మనిషికి ఇది ఎంత పెద్ద తేడానో మాటల్లో చెప్పలేను.

కళ్ళకి మాత్రం పద్ధతి వేరు. ముందు చేతులు కడుక్కుని లెన్స్ తీసేస్తాను, మేకప్ తీయడం తర్వాతే. లెన్స్ పెట్టుకుని బామ్ రాస్తే నూనె దానికి అంటి మసక కమ్ముతుంది. మస్కారా కోసం నూనె, నీరు రెండు పొరలుగా ఉండే ఐ మేకప్ రిమూవర్‌ని బాగా ఊపి, కాటన్ ప్యాడ్ తడిపి, మూసిన కన్ను మీద పెట్టి ఇరవై వరకు లెక్కపెడతాను. తర్వాత కిందికి ఒక్కసారి లాగితే ప్యాడ్ మీద రెప్ప వెంట్రుకల అచ్చు నల్లగా పడుతుంది. ఒక్కో వెంట్రుక గీతా విడివిడిగా కనిపిస్తుంది. రెండో ప్యాడ్ మడిచి, దాని అంచుతో రెప్ప మొదళ్ళు తుడుస్తాను. రెప్పల అంచున నూనె గ్రంథుల నోళ్ళు ఉంటాయి, వాటిలోంచి వచ్చే నూనె వల్లే కన్నీరు త్వరగా ఆరిపోకుండా ఉంటుంది. అక్కడ రంగు పేరుకుంటే కళ్ళు మండుతాయి. 2018లో ఆస్ట్రేలియాకి చెందిన 50 ఏళ్ళ ఆవిడ కేసు ఒకటి కంటి వైద్యుల పత్రికలో వచ్చింది. పాతికేళ్ళు మస్కారా సరిగ్గా తీయకపోవడంతో పై రెప్పల లోపల నల్లటి గట్టి గుళికలు ఏర్పడి, ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది. అది చదివినప్పటి నుంచి ఎంత నిద్ర వస్తున్నా కళ్ళు వదిలిపెట్టలేదు. మీరు వాడేది ట్యూబింగ్ మస్కారా అయితే ఈ నూనె గొడవే లేదు, గోరువెచ్చని నీళ్ళతో నానబెడితే చిన్న గొట్టాల్లా ఊడొస్తుంది.

బామ్ తర్వాత ఫేస్‌వాష్ అందరికీ అవసరమా అంటే, కాదు. నాకు అవసరం, ఎందుకంటే కడిగాక కూడా పల్చటి పొర మిగులుతుంది. నురగ తక్కువ వచ్చే మెత్తటి జెల్ వాడతాను. సబ్బు బిళ్ళ మానేశాను. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5కి అటూ ఇటూగా ఉంటే, మామూలు సబ్బుది 9 నుంచి 10 దాకా ఉంటుంది. కడిగాక ముఖం బిగుసుకుపోతే 'శుభ్రం' అనుకునేదాన్ని. అది చర్మం తన నూనె కోల్పోయి లాగుతున్న బాధ అని ఇప్పుడు తెలుసు.

లోపాలు కూడా చెప్పాలి. బామ్ డబ్బా వెడల్పు మూతది, తడి వేళ్ళు పెడితే లోపల చెడిపోతుంది. దానితో ఇచ్చే బుల్లి చెంచా వారంలో కనపడకుండా పోయింది, వేరేది కొనుక్కున్నాను. ఎండ తగిలే చోట పెడితే కరిగి, మళ్ళీ గట్టిపడ్డాక గరుకుగా పలుకులు పలుకులుగా అవుతుంది. కంట్లోకి వెళ్తే కొన్ని నిమిషాలు పొగమంచు పట్టినట్టు ఉంటుంది. ఇక ఎంత మంచి బామ్ అయినా మనం రాయని చోట పని చేయదు కదా. నుదుటి పైన జుట్టు మొదలయ్యే గీత, చెవి కింద దవడ మూల, ముక్కు రెక్కల మడత, మెడ, ఈ నాలుగు చోట్లే నాకు మిగిలిపోయేది. అందుకే చివర్లో తెల్లటి టవల్ అద్ది చూసుకుంటాను. ముఖాన్ని తుడవను, అద్దుతాను. మొదటి నెలలో దవడ దగ్గర ప్రతి రాత్రీ గోధుమ రంగు మరక పడేది. ఇప్పుడు వారానికి ఒకసారి పడితే ఎక్కువ.

మొత్తం ఆరు నిమిషాల పని. వైప్స్ రోజుల్లో రెండు నిమిషాలు పట్టేది. ఆ నాలుగు నిమిషాలూ రాత్రి పదకొండున్నరకి చాలా బరువు, నాకు తెలుసు. అందుకే ఇంట్లో అడుగు పెట్టగానే, బ్యాగు కింద పెట్టి నేరుగా సింక్ దగ్గరికే వెళ్తాను. ఒకసారి కుర్చీలో కూర్చుంటే ఇక లేవలేను.

నాలుగో డబ్బా నిన్న తెచ్చాను. వెనకాల తెరిచిన మూత బొమ్మలో 12 అని ఉంది, అంటే తెరిచాక పన్నెండు నెలలు. తెరిచే రోజు తేదీ రాసుకోవడానికి మూత మీద తెల్ల స్టిక్కర్ అంటించి పెట్టాను.