విభాగానికొక సాఫ్ట్‌వేరా, ఆసుపత్రికంతా ఒకటా: ఏది మేలు?

ఒడిశాలోని బరంపురం ప్రైవేటు ఆసుపత్రులకు గంజాం పల్లెల నుంచే కాక ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి కూడా తెలుగు రోగులు వస్తుంటారు. అటువంటి ఆసుపత్రికి సాఫ్ట్‌వేరు చేయించదలచిన యాజమాన్యం ముందు రెండు దారులుంటాయి. రిజిస్ట్రేషన్, ల్యాబ్, ఫార్మసీ, బిల్లింగ్ పెద్దలు ఎవరికి కావలసినది వారు చేయించుకోవడం ఒకటి. అన్ని విభాగాల్లోనూ మాట చెల్లే ఒక చిన్న బృందానికి మొత్తం పని అప్పగించడం రెండవది.

మొదటి దారిలో పని త్వరగా మొదలవుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. ల్యాబ్ పని ల్యాబ్ వారికి తెలిసినంతగా బయటివారికి తెలియదన్నదీ నిజమే. కానీ విభాగాల మధ్య ఉన్న గోడలన్నీ సాఫ్ట్‌వేరులోకి దిగుతాయి. ఒక సంస్థ రూపొందించే వ్యవస్థ ఆ సంస్థలోని సంప్రదింపుల తీరునే పోలి ఉంటుందని అమెరికా కంప్యూటరు శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో అచ్చయిన వ్యాసంలో చెప్పాడు. ఎనిమిది మందిలో ఐదుగురికి కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు కంపైలరు (ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేరు), ముగ్గురికి ఆల్గాల్ అనే మరో భాషకు కంపైలరు అప్పగిస్తే, మొదటిది ఐదు దశల్లో, రెండవది మూడు దశల్లో నడిచిందన్నది ఆయన చూపిన ఉదాహరణ.

ఇక్కడి ఒక ఆసుపత్రిలో నేను చూసినదీ అంతే. అప్పలస్వామి అనే పేరును రిజిస్ట్రేషన్‌లోని ఒడియా గుమాస్తా ఇంగ్లీషులో ఒకే ‘పి’తో ఎక్కించాడు, ల్యాబ్ వారు రెండు ‘పి’లతో ఎక్కించారు, ఫార్మసీ తన సొంత నంబరు వేసుకుంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు డాక్టరు తెర మీదికి రాకపోవడంతో, రోగి కొడుకు కాగితం పట్టుకుని మెట్లెక్కి దిగవలసి వచ్చింది. ఉద్దానం కిడ్నీ రోగులకు పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి చూడడమే వైద్యంలో ముఖ్యమైన భాగం కనుక, ఇది చిన్న ఇబ్బంది కాదు. ఆ వివరాలను కలపడానికి సాంకేతికంగా పెద్ద అడ్డేమీ లేదు; రాబడి ఎక్కువ తెచ్చే ఫార్మసీ తన జాబితాను ఎవరికీ చూపనంటే కాదనగలవారే లేరు.

అందుకే నేను రెండవ దారినే మేలంటాను. అయితే ఆ బృందం ఎవరి కింద పనిచేస్తుందన్నది ముందే తేల్చుకోవాలి. అకౌంట్స్ అధికారి కింద పెడితే, అడ్వాన్సు కట్టినట్టు నమోదు కానిదే మంచం కేటాయించని సాఫ్ట్‌వేరు తయారవుతుంది. మెడికల్ సూపరింటెండెంటు కింద పెట్టి, రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సునూ, ఒక ల్యాబ్ టెక్నీషియన్‌నూ అందులో చేర్చాలి. అంత అధికారం ఇవ్వడానికి యాజమాన్యం సిద్ధంగా లేకపోతే, విభాగాల సాఫ్ట్‌వేర్లను అలాగే ఉంచి, రోగికి రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన నంబరునే అందరూ వాడాలన్న ఒక్క నియమాన్నైనా మొదటి రోజు నుంచే అమలు చేయించాలి.